విదేశంలో బైక్ నడపాలంటే ఏ కాగితాలు కావాలి: బెజవాడ, గుంటూరు రైడర్లకు అంచెలంచెల మార్గదర్శి

ఫుకెట్‌లో స్కూటర్ అద్దెకు తీసుకున్నా, సొంత బులెట్ మీద ఖాట్మండూ దాకా వెళ్లినా, రోడ్డు మీద ఆపిన పోలీసు చూసేవి మూడే. మీ కాగితం ఆ రకం బండికి చెల్లుతుందా? ఆ దేశంలో చెల్లుతుందా? ఆ రోజుకు చెల్లుతుందా? మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా లైసెన్సు లేనట్టే లెక్క.

జరిమానాతో పోయేదైతే ఇంత రాయక్కర్లేదు. కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ అడిగేవీ ఈ మూడే. అక్కడ జవాబు లేకపోతే బిల్లు తడిసి మోపెడవుతుంది. అందుకే ఈ పని టికెట్ కొన్నాక కాదు, ప్రయాణానికి మూడు నెలల ముందే మొదలవ్వాలి.

## 1. ముందు మీ ప్రయాణం ఏ రకమో తేల్చుకోండి

కాగితాల జాబితా దీన్నిబట్టే మారుతుంది.

- అక్కడికి వెళ్లి బండి అద్దెకు తీసుకోవడం: పాస్‌పోర్టు, మన లైసెన్సు, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, ట్రావెల్ ఇన్సూరెన్స్. 2 నుంచి 8 దాకా చదవండి.
- సొంత బండి మీద నేపాల్, భూటాన్: ఆర్‌సీ, బండి ఇన్సూరెన్స్, సరిహద్దు పర్మిట్లు. 2, 3 అంచెలు చూసుకుని 9కి వెళ్లండి.
- సొంత బండిని ఓడలోనో విమానంలోనో పంపి దూర దేశాల్లో తిరగడం: పైవన్నీ, వాటితోపాటు కార్నెట్ అనే కస్టమ్స్ పత్రం. 10వ అంచె మీ కోసమే.
- ఉద్యోగ వీసా మీద అక్కడే ఉండటం: పర్మిట్ కాదు, ఆ దేశపు లైసెన్సే కావాలి. ఉదాహరణకు యూఏఈలో రెసిడెన్స్ వీసా చేతికి వచ్చాక మన లైసెన్సు, దాని మీద తీసుకున్న పర్మిట్ పనికిరావు. బైక్‌కు అక్కడ వేరే లైసెన్సు తీసుకోవాలి.

## 2. లైసెన్సు కార్డులో బండి రకం చూడండి

కార్డు మీద వాహన తరగతులు రాసిన చోట ఏముందో చదవండి.

ఎంసీడబ్ల్యూజీ అని ఉంటే గేర్ల బైక్ నడపొచ్చు. ఎంసీడబ్ల్యూవోజీ అంటే గేర్లు లేని స్కూటర్ వరకే. ఎల్‌ఎంవీ ఒక్కటే ఉంటే అది కారుకు మాత్రమే. కారు లైసెన్సు ఉంది కదా, స్కూటీ ఎంత అనుకుని వెళ్లేవాళ్లు మనలో చాలామంది. కారు పర్మిట్‌తో 110 సీసీ స్కూటర్ నడిపినా లైసెన్సు లేకుండా నడిపినట్టే.

ఎంసీడబ్ల్యూవోజీ ఉన్నవాళ్లు కూడా గేర్ల తరగతి చేర్చించుకోవడమే మంచిది. థాయ్‌లాండ్, వియత్నాంలలో క్లచ్ లివర్ లేకుండా కాలితో గేర్లు మార్చే చిన్న బండ్లు వీధికొకటి కనిపిస్తాయి. చూడ్డానికి స్కూటర్‌లాగే ఉంటాయి, కానీ గేర్ల బండ్లే.

కొత్త తరగతి చేర్చించే దారి: కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్ సారథి పోర్టల్‌లో ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని, ఆ తరగతికి ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ టెస్టు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. టెస్టు స్లాట్, కార్డు రావడం అన్నీ కలిపి కనీసం రెండు నెలలు పెట్టుకోండి. మూడు నెలల ముందే మొదలుపెట్టమన్నది ప్రధానంగా ఇందుకే.

గడువు తేదీ కూడా ఇప్పుడే చూడండి. లైసెన్సు ముగియడానికి ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేయించుకోవచ్చు. ఇంకో ఐదు నెలల్లో అయిపోయే లైసెన్సు మీద పర్మిట్ తీసుకుంటే, ఆ పర్మిట్ కూడా ఐదు నెలలకే అయిపోతుంది.

## 3. పేర్లు కలపండి: తెలుగువాళ్లకు తల ప్రాణం తోకకు వచ్చేది ఇక్కడే

పాస్‌పోర్టును, లైసెన్సును పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవండి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో 'కొల్లిపర', రెండో గడిలో 'వెంకట సాంబశివరావు' అని ఉంటుంది. అదే మనిషి లైసెన్సులో 'కె.వి. సాంబ శివ రావు'. మనకు ఇద్దరూ ఒక్కరేనని చూడగానే తెలుస్తుంది. ఇంటిపేరును ఒక్క అక్షరంతో సరిపెట్టుకునే అలవాటు తెలియని పోలీసుకు, అద్దె కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి తెలియదు. పైగా పర్మిట్ బుక్‌లెట్‌లో ఇంటిపేరుకు ఒక వరస, మిగతా పేరుకు ఇంకో వరస ఉంటాయి. లైసెన్సులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటే, ఆ మొదటి వరసలో 'కె' ఒక్కటే పడొచ్చు, లేదా 'రావు' పడొచ్చు.

ఏ తేడా పట్టించుకోవాలి, ఏది వదిలేయొచ్చు?

- తప్పక సరిచేయించాలి: పుట్టిన తేదీలో తేడా, ఇంటిపేరు అసలే లేకపోవడం, పెళ్లి తర్వాత ఒక దాంట్లో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదాంట్లో అత్తింటిది ఉండటం.
- సరిచేయిస్తే మంచిది: ఇనిషియల్స్ ఒకచోట, పూర్తి పేరు ఒకచోట. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో 'శివ'కు ఒకదాంట్లో 'హెచ్' ఉండి, రెండోదాంట్లో లేకపోవడం.
- వదిలేయొచ్చు: సాంబశివరావు, సాంబ శివ రావు లాంటి ఖాళీల తేడా. జిల్లా పేరు తేడా కూడా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కాబట్టి, పాత లైసెన్సులో కృష్ణా జిల్లా, కొత్త పాస్‌పోర్టులో ఎన్టీఆర్ జిల్లా ఉండటం మామూలే. నరసరావుపేట వాళ్లకు గుంటూరు, పల్నాడు తేడా కూడా అలాంటిదే.

సరిచేయించే వరస: పాస్‌పోర్టులో ఉన్నదే ఆధారంగా పెట్టుకుని లైసెన్సును మార్పించండి. సారథిలో లైసెన్సులో పేరు మార్పుకు విడిగా సేవ ఉంది. ఆ మార్పు పూర్తయ్యాకే పర్మిట్‌కు దరఖాస్తు. తలకిందులుగా చేస్తే పాత పేరుతోనే పర్మిట్ వస్తుంది, ఫీజు మళ్లీ కట్టాల్సి వస్తుంది.

చదువుకునే రోజుల్లో హైదరాబాద్ అడ్రస్‌తో లైసెన్సు తీసుకుని ఇప్పుడు ఇక్కడ ఉంటున్నవాళ్లు అడ్రస్ మార్పు కూడా ముందే చేయించుకోండి. లేకపోతే దరఖాస్తు అక్కడి ఆఫీసుకు వెళ్తుంది, మీరు ఇక్కడి కౌంటర్ ముందు నిలబడతారు.

## 4. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవడం

దీన్నే అందరూ ఐడీపీ అంటారు. ఇది విడి లైసెన్సు కాదు. మీ భారతీయ లైసెన్సులో ఉన్నది వేరే దేశంవాళ్లకు అర్థమయ్యే రూపంలో చూపే పుస్తకం. అసలు లైసెన్సు పక్కన లేకపోతే దీనికి విలువ లేదు.

ఎప్పుడు తీసుకోవాలి: ఇచ్చిన రోజు నుంచి ఏడాది, లేదా లైసెన్సు గడువు, ఏది ముందైతే అప్పటిదాకా చెల్లుతుంది. ఆరు నెలల ముందే తీసుకుంటే సగం గడువు బీరువాలోనే అయిపోతుంది. ప్రయాణానికి నాలుగైదు వారాల ముందు సరైన సమయం.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- చెల్లుబాటులో ఉన్న లైసెన్సు, రెండు జిరాక్స్‌లు
- పాస్‌పోర్టు, ఫొటో పేజీ, అడ్రస్ పేజీ జిరాక్స్‌లు
- టికెట్ కాపీ, వీసా ఉంటే దాని కాపీ
- ఈ మధ్య దిగిన పాస్‌పోర్టు సైజు ఫొటోలు నాలుగు
- లైసెన్సుకు అనుసంధానమైన ఫోన్ నంబరు పనిచేస్తూ ఉండాలి. ఓటీపీ దానికే వస్తుంది

వరస ఇది:

1. సారథి పోర్టల్‌లో ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని, లైసెన్సు సేవల్లోకి వెళ్లండి. లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇచ్చి తెర మీద వచ్చిన వివరాలను మళ్లీ చదవండి. పాత కార్డుల విషయంలో కార్డు మీద ఉన్నది, కంప్యూటర్‌లో ఉన్నది వేరుగా ఉండొచ్చు. పర్మిట్‌లో పడేది కంప్యూటర్‌లో ఉన్నదే.
2. సేవల జాబితాలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఎంచుకోండి. దీని దరఖాస్తు ఫారం 4ఏ.
3. వెళ్లే దేశాలు రాసే చోట, ఆగి వెళ్లే దేశంలో కూడా బండి నడిపే ఆలోచన ఉంటే దాని పేరూ రాయండి.
4. ఫీజు కట్టండి. కేంద్ర నిబంధనల ప్రకారం 1,000 రూపాయలు, దాని మీద సేవా రుసుము అదనం.
5. స్లాట్ రోజున ఒరిజినల్స్‌తో మీ పరిధిలోని రవాణా శాఖ ఆఫీసుకు వెళ్లండి.

వీసా లేదని, మెడికల్ సర్టిఫికెట్ లేదని కౌంటర్‌లో కొర్రీ పెడితే గాభరా పడొద్దు. 2021 జనవరిలో నిబంధనలు సవరించి ఆ రెండింటినీ తప్పనిసరి జాబితా నుంచి తీసేశారు. అక్కడికి వెళ్లాక వీసా ఇచ్చే దేశాలు చాలా ఉన్నాయి కదా. ఆ మాట నెమ్మదిగా చెప్పి, టికెట్ కాపీ చూపించండి.

ఇంకో మాట. ఇంటర్నెట్‌లో 'ఇంటర్నేషనల్ లైసెన్సు, గంటలో మీ ఇంటికి, మూడేళ్ల గడువు' అంటూ డాలర్లలో వసూలు చేసే సైట్లు ఉంటాయి. అవి అమ్మేది రంగు అట్ట వేసిన అనువాదం మాత్రమే. మన దేశపు పర్మిట్‌కు ఏడాదికి మించి గడువు ఉండదు. మూడేళ్లు, పదేళ్లు అన్నారంటే అక్కడే తెలిసిపోవాలి.

## 5. బుక్‌లెట్ చేతికి రాగానే, కౌంటర్ వదలకముందే చూడండి

పుస్తకాన్ని మడిచి జేబులో పెట్టేసి, బ్యాంకాక్‌లో మొదటిసారి తెరిచేవాళ్లే ఎక్కువ. చూడాల్సిన పేజీ ఒక్కటే: మీ ఫొటో ఉన్న పేజీ.

అందులో ఇంగ్లిష్ అక్షరాలతో ఐదు గడులుంటాయి, 'ఏ' నుంచి 'ఈ' దాకా. మొదటి గడి, అంటే 'ఏ', మోటార్‌సైకిళ్లది. రెండోది 'బి', కార్లది. 'బి' దగ్గర చక్కగా ముద్ర ఉండి, 'ఏ' గడి ఖాళీగా ఉందంటే మీరు తీసుకున్నది కారు పర్మిట్. లైసెన్సులో బైక్ తరగతి ఉన్నా సరే, పర్మిట్‌లో ఆ గడి ఖాళీగా ఉంటే పోలీసు దాన్నే చూస్తాడు.

- 'ఏ' గడికి ముద్ర ఉందా? సగం పడి చెదిరిపోలేదు కదా?
- ఇంటిపేరు వరసలో ఇంటిపేరే ఉందా?
- పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో కలిసిందా?
- ఇచ్చిన తేదీ, ముగిసే తేదీ, లైసెన్సు నంబరు సరిగ్గా ఉన్నాయా?
- 2022 ఆగస్టు నుంచి దేశమంతటా ఒకే నమూనా. దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఫోన్‌తో స్కాన్ చేసి మీ లైసెన్సు వివరాలే వస్తున్నాయో లేదో చూడండి.
- సంతకం చేయాల్సిన చోట సంతకం చేశారా?

తప్పు కనిపిస్తే అప్పుడే, అక్కడే చెప్పండి. ఇంటికి వెళ్లి గమనిస్తే మళ్లీ దరఖాస్తు అంటారు. పెన్నుతో మీరే దిద్దకండి, దిద్దిన కాగితం ఎక్కడా చెల్లదు. ల్యామినేషన్ కూడా వద్దు, ముద్రలు, అక్షరాలు మసకబారతాయి.

## 6. మీరు వెళ్లే దేశం మన పర్మిట్‌ను ఒప్పుకుంటుందా

ఇది తెలియక మోసపోయేవాళ్లు బైక్ నడపడం బాగా వచ్చినవాళ్లే.

పర్మిట్లన్నీ ఒకే రకం కావు. రోడ్డు రవాణా మీద 1949లో జెనీవాలో ఒక ఒప్పందం, 1968లో వియన్నాలో ఇంకో ఒప్పందం జరిగాయి. భారతదేశం ఇచ్చేది 1949 ఒప్పందం ప్రకారం. 1968ది మాత్రమే గుర్తించే దేశానికి వెళ్తే మన పుస్తకం అక్కడ పనిచేయదు.

వియత్నాం ఈ రెండో రకం. 2014లో 1968 ఒప్పందంలో చేరింది, 1949ది ఒప్పుకోదు. హా జాంగ్ కొండల రోడ్డు మీద బైక్ యాత్రకు మనవాళ్లు బాగా వెళ్తున్నారు కాబట్టి గట్టిగా చెప్పాల్సిందే: భారతీయ పర్మిట్‌తో అక్కడ 50 సీసీ దాటిన బండి నడపడం లైసెన్సు లేకుండా నడపడమే. అద్దెకిచ్చేవాడు 'నో ప్రాబ్లం' అంటాడు. అతనికి నిజంగానే ప్రాబ్లం లేదు, మీకే ఉంది. అక్కడ స్థానికుడు నడిపే బైక్ మీద వెనక కూర్చుని తిరిగే ఏర్పాటు ఉంది, దాన్నే ఎంచుకోండి. రోడ్డు అందం ఏమీ తగ్గదు.

జపాన్ దీనికి పూర్తిగా ఎదురు. అది 1949 ఒప్పందపు పర్మిట్‌నే ఒప్పుకుంటుంది. 'ఏ' ముద్ర ఉన్న మన పుస్తకం అక్కడ బాగా పనిచేస్తుంది.

థాయ్‌లాండ్ 1949 ఒప్పందంలో ఉన్న దేశం, మన పర్మిట్ చెల్లుతుంది. ఫుకెట్, చియాంగ్ మయ్, పట్టాయాల్లో పోలీసు తనిఖీలు మామూలే. అక్కడ అడిగేది అసలు లైసెన్సు, పర్మిట్, రెండూ.

బాలిలో తనిఖీ ఎదురైతే పర్మిట్‌లో బైక్ గడే చూస్తారు. కారు పర్మిట్‌తో స్కూటర్ నడిపి దొరికేవాళ్లు అక్కడ ఎక్కువ.

శ్రీలంకలో పర్మిట్ ఉంటే సరిపోదు. అక్కడి అధికారుల దగ్గర గుర్తింపు కాగితం తీసుకోవాలి. మీకు బండి అద్దెకిచ్చేవాళ్లు ముందుగా కాపీలు పంపితే ఆ పని చేయించిపెడతారేమో అడగండి, మీకు ఒక పూట మిగులుతుంది.

బ్రిటన్కు పర్యాటకులుగా వెళ్తే, లైసెన్సులో బైక్ తరగతి ఉన్నంతవరకు దానితోనే 12 నెలల దాకా నడపొచ్చు. అయినా అద్దె కంపెనీలు తమ నిబంధనల ప్రకారం పర్మిట్, వయసు, అనుభవం అడుగుతాయి. వాళ్ల మాటే అక్కడ చెల్లుతుంది.

మరో దేశమైతే రెండు చోట్ల అడగండి: ఆ దేశపు రవాణా శాఖ వెబ్‌సైట్‌లో, మీరు అద్దెకు తీసుకోబోయే కంపెనీకి మెయిల్‌లో. 'ఇండియన్ ఐడీపీ ఓకేనా' అని అడగొద్దు. '1949 ఒప్పందం ప్రకారం ఇచ్చిన భారతీయ ఐడీపీ, మోటార్‌సైకిల్ గడికి ముద్ర ఉంది, ఇన్ని సీసీల బండి' అని అడగండి. ప్రశ్న ఎంత ఖచ్చితంగా ఉంటే జవాబు అంత పనికొస్తుంది.

## 7. అద్దె కౌంటర్ దగ్గర

పాస్‌పోర్టు తాకట్టు పెట్టకండి. జిరాక్స్, దానితోపాటు నగదు డిపాజిట్ తీసుకునే షాపులు ప్రతి ఊళ్లో ఉన్నాయి. పాస్‌పోర్టు వాళ్ల సొరుగులో ఉంటే, చిన్న గీత పడినా వాళ్లు చెప్పినంత ఇచ్చి విడిపించుకోవాల్సిందే.

తాళం తీసుకునే ముందు:

- ఒప్పందం మీ పేరు మీదే ఉందా? నలుగురు స్నేహితులు వెళ్లి ఒకరి పేరు మీద నాలుగు బండ్లు తీసుకుంటే, మిగతా ముగ్గురూ కాగితాల్లో లేనట్టే
- బండి రిజిస్ట్రేషన్ కాపీ బండిలో ఉందా? థాయ్‌లాండ్‌లో దాన్ని గ్రీన్ బుక్ అంటారు, ఇండోనేషియాలో ఎస్‌టీఎన్‌కే
- అందులో నంబరు, బండి మీద నంబరు ఒకటేనా?
- పన్ను స్టిక్కర్ గడువు ఎప్పటిదాకా?
- ఒప్పందంలో రాసిన సీసీ, ఇచ్చిన బండి సీసీ ఒకటేనా? 110 అడిగితే 155 ఇచ్చి 'అదే రేటు' అంటారు. మీ ట్రావెల్ పాలసీలో సీసీ పరిమితి ఉంటే అది అడ్డం తిరుగుతుంది
- బండి చుట్టూ తిరిగి వీడియో తీశారా? గీతలు, అద్దాలు, సైలెన్సర్, మీటర్ రీడింగ్

## 8. ఇన్సూరెన్స్: రెండు వేరువేరు సంగతులు

అద్దె బండికి ఉండే ఇన్సూరెన్స్ వేరు, మీ ఒంటికి ఉండేది వేరు. థాయ్‌లాండ్‌లో ప్రతి బండికీ 'పో రో బో' అనే తప్పనిసరి బీమా ఉంటుంది. అది మనుషులకు తగిలిన గాయాలకే, అదీ పరిమితంగా. బండి పాడైతే పైసా రాదు.

మీ ఆసుపత్రి ఖర్చుకు ఆధారం ట్రావెల్ ఇన్సూరెన్సే. పాలసీ కాగితంలో మినహాయింపుల పేజీ తెరిచి ద్విచక్ర వాహనం, లైసెన్సు, హెల్మెట్, మద్యం, సీసీ, సాహస క్రీడలు అన్న మాటలు ఎక్కడున్నాయో గీత పెట్టుకుంటూ చదవండి. సరైన లైసెన్సు లేకుండా నడిపితే క్లెయిమ్ ఇవ్వం అన్న షరతు మామూలుగా ఉండేదే.

ఏజెంటు ఫోన్‌లో 'అన్నీ కవర్ అవుతాయండీ' అన్నది క్లెయిమ్ రోజున నిలబడదు. కొనకముందు ఇలా మెయిల్ పెట్టండి:

'ఫలానా తేదీల్లో థాయ్‌లాండ్ వెళ్తున్నాను. మోటార్‌సైకిల్ గడికి ముద్ర ఉన్న భారతీయ ఐడీపీ ఉంది. 125 సీసీ అద్దె స్కూటర్ హెల్మెట్‌తో నడుపుతాను. ప్రమాదం జరిగితే నాకు, వెనక కూర్చున్న నా భార్యకు ఆసుపత్రి ఖర్చు ఈ పాలసీలో వస్తుందా? ఏ క్లాజ్ కింద?'

జవాబును ప్రింట్ తీసి పాలసీతో పాటు పెట్టుకోండి. వెనక కూర్చునేవాళ్లకు విడిగా పాలసీ ఉండాలని మర్చిపోవద్దు.

## 9. సొంత బండి మీద నేపాల్, భూటాన్

నేపాల్‌కు ఐడీపీ అక్కర్లేదు, మన లైసెన్సు చెల్లుతుంది. ఇక్కడ తంటా అంతా మనిషి గుర్తింపు దగ్గర, బండి కాగితాల దగ్గర.

గుర్తింపు: పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ చాలనుకుని వెళ్లి సరిహద్దులో ఇరుక్కోకండి. 15 ఏళ్ల లోపు, 65 ఏళ్ల పైబడినవాళ్లకే ఆధార్ లాంటి ఇతర కార్డులతో వెసులుబాటు.

బండి కాగితాలు:

- ఒరిజినల్ ఆర్‌సీ. ఫోన్‌లో డిజీలాకర్ చూపితే మన పోలీసు ఒప్పుకుంటాడు, అవతలి దేశం ఒప్పుకోవాలని లేదు
- ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్
- బండి తండ్రి పేరు మీదో అన్న పేరు మీదో ఉంటే, ఆయన సంతకంతో నోటరీ చేయించిన అనుమతి పత్రం, ఆయన గుర్తింపు కార్డు కాపీ
- ఫైనాన్స్‌లో ఉన్న బండైతే, దేశం దాటించడానికి అభ్యంతరం లేదని ఫైనాన్స్ ఇచ్చినవాళ్ల లేఖ

ఇన్సూరెన్స్ పొడిగింపు: మన మోటార్ పాలసీ మామూలుగా భారతదేశంలోనే వర్తిస్తుంది. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్‌లకు దాన్ని పొడిగించే ఎండార్స్‌మెంట్ ఉంది. పేరు ఐఎంటీ 1. కంపెనీ బ్రాంచికి మెయిల్ పెట్టి, ఆర్‌సీ నంబరు, తేదీలు, దేశం రాసి అడగండి. ఎండార్స్‌మెంట్ కాగితం చేతికి రావాలి, మాట సరిపోదు. ఓడలో, విమానంలో బండి వెళ్లేటప్పుడు జరిగే నష్టానికి ఇది వర్తించదని గుర్తుంచుకోండి.

సరిహద్దులో వరస: సునౌలి, రక్సౌల్, బన్‌బాసా, పానీటంకీ లాంటి చోట్ల దాటొచ్చు. మన వైపు నుంచి గోరఖ్‌పూర్ మీదుగా సునౌలికి వెళ్లేవాళ్లే ఎక్కువ. రాప్తిసాగర్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ మీదుగా గోరఖ్‌పూర్ వెళ్తుంది. బండిని రైల్లో వేసేటట్టయితే పెట్రోల్ పూర్తిగా తీసేయాలి, ఆర్‌సీ కాపీ ఇవ్వాలి. అందుకని రైల్వే రశీదు, ఒరిజినల్ ఆర్‌సీ రెండూ మీ చేతిసంచిలో ఉండాలి, బండి పెట్టెలో కాదు.

గేటు దాటగానే నేపాల్ కస్టమ్స్ ఆఫీసులో రోజుల లెక్కన రుసుము కట్టి భన్సార్, అంటే బండికి కస్టమ్స్ అనుమతి కాగితం, తీసుకోవాలి. దాని తర్వాత రోడ్డు పర్మిట్. ఆగకుండా పోనిచ్చేశారు కదా అని ముందుకెళ్తే, యాభై కిలోమీటర్ల తర్వాత తనిఖీలో భన్సార్ లేని బండి అక్రమంగా వచ్చిన బండే.

రోజులు లెక్కపెట్టేటప్పుడు మీ ప్లాన్ కంటే రెండు రోజులు ఎక్కువ కట్టండి. వానాకాలంలో కొండచరియ విరిగి రోడ్డు మూసేస్తే ఆలస్యానికి పడే జరిమానా కంటే ఇదే చవక. మన ప్రైవేటు బండి ఏడాదిలో 30 రోజులకు మించి నేపాల్‌లో ఉండకూడదు. వచ్చిన గేటు కాకుండా ఇంకో గేటు నుంచి బయటికి రావాలనుకుంటే లోపలికి వెళ్లేటప్పుడే ఆ మాట చెప్పండి. బయటికి వచ్చేటప్పుడు భన్సార్ కాగితం చూపించి, బండి వెళ్లిపోయినట్టు నమోదు చేయించాలి.

భూటాన్‌కు జయగావ్ నుంచి ఫుంత్‌షోలింగ్‌లోకి వెళ్లడం మామూలు దారి. గుర్తింపు ఇక్కడ కూడా పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డే. భారతీయులకు ఒక రాత్రికి 1,200 రూపాయల సుస్థిర అభివృద్ధి రుసుము ఉంది. మనిషికి ప్రవేశ పర్మిట్ వేరు, బండికి పర్మిట్ వేరు. ఒకటి చేతికి రాగానే రెండోది వచ్చేసిందనుకోవద్దు.

## 10. దూర దేశాలకు సొంత బండి: కార్నెట్

పూర్తి పేరు కార్నె ద పస్సాజ్ ఆన్ దువాన్. బండికి పాస్‌పోర్టు అనుకోండి. మీ బండిని ఆ దేశంలో అమ్మకుండా వెనక్కి తీసుకెళ్తారని కస్టమ్స్‌కు ఇచ్చే హామీ అది. ఇరాన్, పాకిస్తాన్, జపాన్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల దీనితోనే పని. మన దేశంలో దీనికోసం ముంబైలోని వెస్ట్రన్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్‌ను సంప్రదించాలి. గడువు ఏడాది.

అసలు బరువు బ్యాంకు గ్యారంటీ దగ్గర. మీరు వెళ్లే దేశాల్లో అత్యధిక దిగుమతి సుంకం ఎక్కడ ఉందో దాన్నిబట్టి లెక్క కడతారు. ఒక్క దేశం జాబితాలోంచి తీసేస్తే గ్యారంటీ బాగా తగ్గొచ్చు. అందుకే దారి ఖరారయ్యాకే దరఖాస్తు పెట్టండి.

కార్నెట్‌లో చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, రంగు, విలువ, అదనపు టైర్లు దాకా రాస్తారు. ఆర్‌సీలో చూసి రాసివ్వకండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, వచ్చిన అచ్చును ఆర్‌సీతో పోల్చండి. ఇంజన్ మార్పించిన బండైతే ముందు ఆర్‌సీలో ఎక్కించాలి. రంగు మార్చినా అంతే.

ప్రతి పేజీ మూడు ముక్కలు. దేశంలోకి వెళ్లేటప్పుడు కస్టమ్స్ అధికారి కింది ముక్క చింపుకుని, పై ముక్కలో ప్రవేశం దగ్గర ముద్ర వేస్తాడు. బయటికి వచ్చేటప్పుడు మధ్య ముక్క చింపుకుని, అదే పై ముక్కలో నిష్క్రమణ దగ్గర ముద్ర వేస్తాడు. పై ముక్క పుస్తకంలోనే ఉండిపోవాలి, దాని మీద రెండు ముద్రలుండాలి. ఒక్కటే ఉంటే, ఆ దేశం లెక్కలో మీ బండి ఇంకా అక్కడే ఉంది, సుంకం కట్టమంటుంది.

రద్దీగా ఉన్న గేట్లలో నిష్క్రమణ ముద్ర వేయకుండానే పొమ్మంటారు. పోవద్దు. ముద్ర పడేదాకా నిలబడండి, పేజీని ఫొటో తీయండి. అప్పటికే తప్పిపోయి ఉంటే, కార్నెట్ చివర బండి ఎక్కడుందో ధ్రువీకరించే పత్రం ఉంటుంది. ఇంటికి వచ్చాక బండిని కస్టమ్స్ అధికారులకు చూపించి దాన్ని పూర్తి చేయించి అసోసియేషన్‌కు పంపాలి.

మన దేశం నుంచి బయలుదేరేటప్పుడు కూడా బండి బయటికి వెళ్లినట్టు మన కస్టమ్స్‌తో రాయించుకోండి. తిరిగి వచ్చేటప్పుడు ఇది ఇక్కడి నుంచే వెళ్లిన బండి అని చూపే కాగితం అదే. ఇవన్నీ పూర్తయ్యాకే గ్యారంటీ విడుదలవుతుంది.

## 11. సంచి సర్దుకోవడం

ఒరిజినల్స్ అన్నీ ఒక జిప్ కవర్‌లో, నీళ్లు చేరకుండా. జిరాక్స్‌లు మూడు సెట్లు: ఒకటి బ్యాగులో, ఒకటి తోటి రైడర్ దగ్గర, ఒకటి ఇంట్లో. స్కాన్ కాపీలు మెయిల్‌లో. రోడ్డు మీద వెళ్లేటప్పుడు దగ్గర ఉండాల్సినవి:

- లైసెన్సు ప్లాస్టిక్ కార్డు
- ఐడీపీ
- పాస్‌పోర్టు, ఎంట్రీ ముద్ర పేజీ కాపీ
- బండి కాగితాలు, అద్దె ఒప్పందం
- ఇన్సూరెన్స్ పాలసీ, కంపెనీ 24 గంటల నంబరు
- ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం నంబరు, కాగితం మీద రాసి

ప్రమాదం జరిగితే పోలీసు రిపోర్టు కాపీ తీసుకోకుండా ఆ ఊరు వదలొద్దు. అది లేకుండా క్లెయిమ్ కదలదు. ఆసుపత్రిలో చేరిన వెంటనే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, వాళ్లిచ్చే క్లెయిమ్ నంబరు రాసుకోండి. భాష రాని కాగితం మీద, అందులో ఏముందో చదివించుకోకుండా సంతకం పెట్టకండి.

విదేశంలో ఉండగానే పర్మిట్ గడువు ముగిసేటట్టుంటే, 2021 సవరణ ప్రకారం అక్కడి మన రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది చేతికి వచ్చేదాకా బండి తాళం గదిలోనే ఉంచండి.